మూడు సంతకములు



రాబోవు వానలన్నియు చూచిన తరువాత విత్తనము వేయు రైతు ఎక్కడను లేడు. మృగశిర కార్తెలో తొలకరి జల్లు పడగానే ధర్మసాగర్ చుట్టుపట్ల మన రైతులు పత్తి గింజలు నేలలో పెట్టుదురు. ఆ మీదట ఆకాశము ఏమి ఇచ్చునో వారికి తెలియదు. ఫలితము తెలియకముందే కట్టుబడి కాచుకొని యుండుట వ్యవసాయములో మనకు క్రొత్త కాదు. అయితే చదువు విషయములో, పదునేడేండ్ల బిడ్డ చేత ఇట్టి మాట ఇప్పించుట తగునా? ఇప్పించినచో ఆ మాట నిజముగా ఎవరిది? ఈ మాసము ఈ ప్రశ్నను మీతో కలిసి ఆలోచింపగోరుచున్నాము.

అమెరికాలో పేరుగల కళాశాలలు కొన్ని ‘ఎర్లీ డెసిషన్’ అను పద్ధతిని నడుపుచున్నవి. దానిని మన భాషలో ముందస్తు నిర్ణయము అనవచ్చును. న్యూజెర్సీలోను డల్లాస్ ప్రాంతమందును స్థిరపడిన మన తెలుగు కుటుంబముల బిడ్డలు కొందరు ఈ మార్గమున దరఖాస్తు పెట్టుచున్నారు. ఇక్కడ పల్లెలలోనున్న అమ్మమ్మలు, మేనమామలు ఆ సంగతి ఫోనులో విని, ఏమి అయినదో పూర్తిగా అర్థము కాకున్నను, ‘సీటు వచ్చిందా?’ అని అడుగుచున్నారు. కావున ఆ పద్ధతి ఏమిటో మొదట తెలిసికొందము.

విద్యార్థి ఒక్క కళాశాలను మాత్రమే ఈ విధముగా ఎన్నుకొని, సాధారణముగా నవంబరు 1వ తేదీకో 15వ తేదీకో దరఖాస్తు పంపవలెను. డిసెంబరు మధ్యలో జవాబు వచ్చును. ఆ జవాబు మూడు విధములుగా ఉండవచ్చును. చేర్చుకొంటిమని చెప్పవచ్చును, లేదని చెప్పవచ్చును, తరువాత వచ్చు దరఖాస్తులతో కలిపి మరల చూతుమని వాయిదా వేయవచ్చును. చేర్చుకొంటిమని జవాబు వచ్చినచో, విద్యార్థి తక్కిన కళాశాలలకు పెట్టిన దరఖాస్తులన్నిటిని ఉపసంహరించుకొని దానిలోనే చేరవలెను. ఇస్తామన్న సహాయము చాలక, చేరుట సాధ్యము కానప్పుడు మాత్రము విడుదల కలదు. ఈ మాట తప్పినవారిని కోర్టుకు ఈడ్చుట సాధారణముగా జరుగదు. అది పరువు మీద నిలిచిన కట్టుబాటు. ఆ ఒప్పంద పత్రము మీద సంతకములు మూడు ఉండవలెను: విద్యార్థిది ఒకటి, తల్లిది గాని తండ్రిది గాని ఒకటి, బడిలో సలహా చెప్పు ఉద్యోగిది ఒకటి.

మన ప్రాంతములో ఇట్టిది లేదా అందురేమో. మనకు దగ్గరలోనే వరంగల్ ఎన్.ఐ.టి. ఉన్నది. 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాలయే అది. అక్కడ ప్రవేశము కొరకు జరుగు కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన విద్యార్థి ‘ఫ్రీజ్’ అనియో, ‘ఫ్లోట్’ అనియో, ‘స్లైడ్’ అనియో చెప్పవలెను. మొదటి మాటకు ‘ఇది చాలును’ అని అర్థము. రెండవ దానికి ‘ఇది చేతిలో ఉంచుకొని ఇంకను మంచి కళాశాల దొరకునేమో చూతును’ అని అర్థము. మూడవ దానికి ‘కళాశాల ఇదియే, శాఖ మాత్రము మారునేమో చూతును’ అని అర్థము. ఇక్కడ సీటు ముందు, కట్టుబాటు తరువాత. అమెరికా పద్ధతిలో కట్టుబాటు ముందు, సీటు తరువాత. తేడా అదియే.

కాని మన సంఘములు బాగుగా ఎరిగిన మరియొక ఏర్పాటులో మాటయే ముందు వచ్చును. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు సంఘము సిఫారసు చేసి పంపిన అభ్యర్థి, చదువు ముగిసిన తరువాత అవసరమున్న చోట మిషను ఆసుపత్రిలో 2 సంవత్సరములు సేవ చేయుదునని ఒప్పుకొనుట దీర్ఘకాలముగా ఉన్న పద్ధతి. నీట్ పరీక్ష మైనారిటీ కళాశాలలకును వర్తించునని 2020 ఏప్రిల్ 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. కావున సంఘపు ఉత్తరము చేతిలో ఉన్నను, బిడ్డ ర్యాంకు కొరకు కాచుకొని యుండవలసినదే. డాక్టరు అగుదునో లేదో తెలియదు. అయినచో ఎక్కడికి పోవుదునో మాత్రము ముందే చెప్పవలెను. ఇక్కడను ఆ మాట వెనుక ముగ్గురున్నారు: బిడ్డ, ఇంటివారు, సంఘ పెద్దలు.

ఇప్పుడు మన ప్రశ్నకు వత్తము. ముందుగా మాట ఇచ్చుటను గూర్చి లేఖనము రెండు ప్రక్కలను చూపుచున్నది. నష్టము కలిగినను మాట మార్చనివానిని 15వ కీర్తన మెచ్చుకొనుచున్నది. మ్రొక్కుకొని చెల్లింపకపోవుటకంటె మ్రొక్కుకొనకుండుటయే మేలని ప్రసంగి 5వ అధ్యాయము హెచ్చరించుచున్నది. ఈ రెండును ఒక దానికొకటి విరోధము కావు. మాట విలువగలది గనుకనే దానిని నిలుపుకొనవలెను. విలువగలది గనుకనే దానిని తొందరపడి ఇయ్యరాదు. అయితే పిల్లల విషయములో ఇంతకంటె లోతైన సంగతి ఒకటి కలదు. దానిని ఇద్దరు తలిదండ్రుల చరిత్రలో చూడగలము.

న్యాయాధిపతులు 11వ అధ్యాయములో యెఫ్తా అను సేనాధిపతి ఉన్నాడు. యుద్ధములో జయము కావలెనని అతడు ఒక మ్రొక్కు మ్రొక్కెను: తాను క్షేమముగా తిరిగి వచ్చునప్పుడు తన ఇంటి ద్వారమునుండి ఏది ఎదురుగా వచ్చునో దానిని అర్పించెదనని. వచ్చినది అతని ఏకైక కుమార్తె. మాట అతనిది, జయము అతనిది. వెల మాత్రము ఆ చిన్నది చెల్లించెను. ఆమెను ఎవరును ముందుగా అడుగలేదు. యెఫ్తా మాట తప్పలేదని కొందరు పొగడుదురు. మాట తప్పకపోవుట సద్గుణమే. కాని ఇతరుల బ్రదుకును పందెముగా పెట్టి ఇచ్చిన మాట మొదటనే వంకరగా పుట్టినది. దానిని నిలుపుకొన్నంత మాత్రమున అది తిన్నగా కాలేదు.

సమూయేలు మొదటి గ్రంథములో హన్నా ఉన్నది. ఆమెయు మ్రొక్కుకొనెను, అదియు బిడ్డను గూర్చియే, ఆ బిడ్డ పుట్టకముందే. పైకి చూచినచో హన్నాయు యెఫ్తా చేసినదే చేసెను గదా అనిపించును. కాని తరువాత జరిగినది గమనించుడి. ఆమె బిడ్డను పాలు విడుచువరకు తన యొద్దనే ఉంచుకొనెను. భర్తయైన ఎల్కానాతో చెప్పెను, అతడు సమ్మతించెను. షిలోహులో విడిచిన తరువాతను బిడ్డను మరువలేదు. ప్రతి సంవత్సరము చిన్న అంగీ ఒకటి కుట్టి తీసికొని పోవుచుండెను. ఏటేటికి కొలత మారును గదా. బిడ్డ ఎంత ఎదిగెనో ఆమె ఎరిగియుండెను. మూడవ అధ్యాయములో ముఖ్యమైన సంగతి జరిగెను. రాత్రివేళ పిలుపు వచ్చినప్పుడు జవాబు చెప్పినది తల్లి కాదు, సమూయేలే చెప్పెను. ముసలివాడైన ఏలీ అతని బదులు జవాబు చెప్పలేదు. ఎట్లు చెప్పవలెనో నేర్పి, తిరిగి పోయి పండుకొనుమని పంపెను. అనగా తల్లి ఇచ్చిన మాట, కుమారుడు తన నోట జవాబు చెప్పు దినము కొరకు కాచుకొని యుండెను.

ఆ చరిత్రలో మూడు సంతకములు ఉన్నవని మేము తలంచుచున్నాము. తల్లి సంతకము ఉన్నది, పెద్దవాడైన ఏలీ సంతకము ఉన్నది. ఆ రెండును బిడ్డ సంతకమునకు చోటు విడిచినవి. యెఫ్తా పత్రము మీద ఒక్కటే సంతకము ఉన్నది.

వెల్లూరు కళాశాల పుట్టిన విధము కూడ ఇదే పాఠము చెప్పుచున్నది. ఐడా స్కడ్డర్ 1870లో రాణిపేటలో పుట్టెను. తాత జాన్ స్కడ్డరును తండ్రియు మిషనరీ వైద్యులు. ఆ ఇంటివారనేకులు ఈ దేశములో సేవ చేసిరి. అయినను ఆ మార్గము ఆమెకు ఇష్టము లేకుండెను. 1890లో తల్లి జబ్బుపడగా సహాయము చేయుటకు తిండివనమునకు వచ్చెను. తిరిగి పోవుటయే ఆమె తలంపు. ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలను కాపాడుమని ఆమెను అడిగిరి. మగ డాక్టరును లోపలికి రానిచ్చుట వారి ఆచారమునకు విరోధము; ఆమెకో వైద్యము తెలియదు. తెల్లవారుసరికి ఆ ముగ్గురు స్త్రీలును మరణించిరి. అప్పుడు ఆమె తానే నిర్ణయించుకొనెను. 1899లో కార్నెల్‌లో వైద్యవిద్య ముగించి, 1900లో వెల్లూరులో ఒకే ఒక మంచముతో వైద్యము మొదలుపెట్టి, 1918లో స్త్రీల కొరకు వైద్య పాఠశాల తెరచెను. తాత మాటయు తండ్రి మాటయు ఆమెను డాక్టరును చేయలేదు. వారి మాదిరి ఆమె ఎదుట ఉండెను. మాట మాత్రము ఆమెదే.

ఇక వెల విషయము. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పెను. ముందుగా కట్టుబడుట అందరికిని ఒకే వెల కాదు. మన వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు పత్తి తీసికొని పోవు రైతు నడుగుడి. విత్తనములకు, మందులకు అడ్తిదారు వద్ద ముందే అప్పు తీసికొన్నవాడు పంటను ఆ అడ్తిదారునికే తేవలెను. ప్రక్క దుకాణములో ఎక్కువ ధర పలికినను అతడు చూచుచు ఉండవలసినదే. చేతిలో డబ్బున్న రైతుకు ఆ చిక్కు లేదు. ముందస్తు నిర్ణయములోను ఇట్లే. ఒక్క కళాశాలకే కట్టుబడినవాడు, ఏ కళాశాల ఎంత సహాయము చేయునో పోల్చి చూచుకొనలేడు. ధనవంతుని బిడ్డకు ఆ పోలికతో పని లేదు.

అమెరికావారే దీనిని గుర్తించిరి. ముందుగా పెట్టు దరఖాస్తులు కలవారి బిడ్డలకే ఎక్కువ అనుకూలముగా ఉన్నవని చెప్పి, 2006లో హార్వర్డు, ప్రిన్స్‌టన్, వర్జీనియా విశ్వవిద్యాలయములు తమ ముందస్తు పద్ధతులను విడిచిపెట్టుచున్నట్లు ప్రకటించెను. 2011లో ఆ మూడును కట్టుబాటు లేని ముందస్తు దరఖాస్తులను మరల స్వీకరించుటకు మొదలుపెట్టెను. అనగా త్వరగా దరఖాస్తు పెట్టవచ్చును. సీటు వచ్చినను చేరి తీరవలెనని లేదు. పెద్ద సంస్థలకే ఈ విషయము తేలికగా తేలలేదు. కావున పేదవాడు ‘ఫీజు ఎంత? బాండు ఎన్ని ఏండ్లు? మధ్యలో మానినచో ఎంత కట్టవలెను?’ అని అడిగినప్పుడు, అతనికి ఆశ లేదనియో విశ్వాసము తక్కువనియో అనుకొనరాదు. అతడు గోపురపు లెక్క చూచుకొనుచున్నాడు. అట్లు చూచుకొనుమని ప్రభువే చెప్పెను.

మాట ఇచ్చిన తరువాత కాచుకొని యుండు కాలము వచ్చును. అమెరికా బిడ్డకు అది ఆరు వారములు. మన బిడ్డలకు పరీక్ష మొదలు ఫలితము వరకు కొన్ని వారములు, ఆ పైన కౌన్సెలింగ్ ముగియువరకు మరి కొన్ని. ఈ దినములు మిక్కిలి కష్టమైనవి. ఏలయనగా చేయవలసినది చేసి అయినది; ఇక చేయుటకు ఏమియు లేదు. ఇంటిలో ప్రతివారును ఆ బిడ్డ ముఖమువైపు చూచుచుందురు. బావి దగ్గర అడుగుదురు, ఆదివారము గుడి వాకిట అడుగుదురు. ప్రేమతోనే అడుగుదురు. కాని పదిమంది పది మారులు అడుగగా, ఆ ఒక్క జవాబే తన విలువ అని బిడ్డకు తోచును.

పత్తి విత్తిన రైతు వాన కొరకు ఆకాశము చూచుచు మంచముపై కూర్చుండడు. మొలవని చోట మరల గింజ పెట్టును, కలుపు తీయును, గేదెలకు గడ్డి తెచ్చును. కాచుకొని యుండు బిడ్డకును ఇట్టి పని కావలెను. ఇంటి పనియో, పొలము పనియో, ఆదివార పాఠశాలలో చిన్న పిల్లలకు అక్షరములు నేర్పుటయో ఏదైనను మంచిదే. ‘ఫలితము వచ్చెనా?’ అని అడుగుటకు బదులు ‘భోజనము చేసితివా? ఈ దినము ఏమి చేసితివి?’ అని అడిగినచో మనము ఆ బిడ్డకు పెద్ద మేలు చేసినవారమగుదుము.

జవాబు లేదని వచ్చినచో? ఇక్కడ మేము బరువైన హృదయముతో ఒక సంగతి జ్ఞాపకము చేయుచున్నాము. 2019 ఏప్రిల్ మాసములో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన తరువాత కొన్ని దినములలోనే 20 మందికి పైగా విద్యార్థులు తమ ప్రాణములు తీసికొనిరి. తప్పినవారి జవాబు పత్రములను తరువాత మరల పరిశీలింపగా వెయ్యి మందికి పైగా ఉత్తీర్ణులైనట్లు తేలెను. ఫలితము వ్రాసిన కాగితము కూడ తప్పు కావచ్చును. ఒకవేళ అది తప్పు కాకపోయినను, అది చెప్పగలిగినది చాల కొంచెము. కళాశాలలో నూరు సీట్లున్నచో నూటయొకటవ బిడ్డకు లేదను జవాబే వచ్చును. ఆ జవాబు కుర్చీల లెక్క చెప్పుచున్నది. బిడ్డ విలువ చెప్పుటలేదు. ఈ మాట ఫలితము వచ్చిన దినమున చెప్పినచో ఓదార్పుగా మాత్రమే వినబడును. ముందుగా, దరఖాస్తు పెట్టు దినముననే చెప్పవలెను. అప్పుడు బిడ్డ నమ్మును.

కావున తలిదండ్రులకును సంఘ పెద్దలకును మేము మనవి చేయునది ఏమనగా, సంతకము చేయకముందు బిడ్డను ఒంటరిగా కూర్చుండబెట్టి అడుగుడి. నలుగురి ఎదుట అడిగినచో ఏ బిడ్డయైనను ‘సరే’ అనును. ఆ ‘సరే’ మాట కాదు, మొగమాటము. ‘నీకు ఇష్టము లేనిచో మేము కోపగింపము’ అని చెప్పి అడుగుడి, చెప్పినట్లే కోపగింపకుండుడి. సిఫారసు ఉత్తరము ఇచ్చు సంఘము, సేవ చేయవలసిన ఆ 2 సంవత్సరములు ఎట్టి ఊరిలో, ఎట్టి ఆసుపత్రిలో గడుపవలసి వచ్చునో దాచక చెప్పవలెను. వీలైనచో అట్టి చోటికి ఒకమారు తీసికొని పోయి చూపవలెను. చూచి ఒప్పుకొన్నవాని మాట నిలుచును.

సంతకము చేసిన తరువాత, అది మనలను కూడ కట్టుచున్నదని మరువకుడి. మనము సంతకము చేయునది బిడ్డ మంచిదని సాక్ష్యమిచ్చుటకు మాత్రమే కాదు. సీటు వచ్చినచో ఫీజు కట్టు దినమున ప్రక్కన నిలుచుటకును, సీటు రానిచో అదే ఆదివారము ఆ బిడ్డను పేరు పెట్టి పిలిచి మన మధ్య కూర్చుండబెట్టుకొనుటకును మనము సంతకము చేయుచున్నాము. సీటు వచ్చిన బిడ్డకు సంఘములో దండ వేయుచున్నాము, మంచిదే. రాని బిడ్డ ఇంటికి ఆ వారములో ఎవరు వెళ్లెదరో కూడ ముందుగా నిర్ణయించుకొందము. ఏ బిడ్డయైనను తిండి మాని, మాట మాని, తలుపు వేసికొని యున్నచో ఆలస్యము చేయక దగ్గర కూర్చుండుడి, ఒంటరిగా విడువకుడి. వైద్యుని యొద్దకు తీసికొని పోవుడి. 14416 నంబరుకు రాత్రియైనను పగలైనను ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును. అట్లు సహాయము అడుగుట సిగ్గుపడవలసిన సంగతి కాదు.

బిడ్డలారా, మీకును ఒక మాట. మీరు ఇచ్చు మాట మీదై యుండవలెను. అది మీదైనప్పుడు దానిని నిలుపుకొనుడి, నష్టము వచ్చినను నిలుపుకొనుడి. జవాబు మాత్రము మీది కాదు. అది ఇతరుల చేతిలోనిది. మీది కానిదానిని బట్టి మీరు ఎవరో తీర్పు తీర్చుకొనకుడి. మీ ప్రక్కన సంతకము చేసినవారు ఏ జవాబు వచ్చినను మీ ప్రక్కననే ఉండవలసినవారు. వారు మరచినచో ఈ పత్రిక తీసికొని పోయి వారికి చూపుడి.